ఎందరికి వండాలి: పాలమూరు వంటింటి కొలతల చరిత్ర

వంటకు రెండు రకాల లెక్కలున్నాయి. ఇంట్లో ఉన్న సరుకు చూసుకొని, దానితో ఎంత వస్తే అంత వండడం ఒకటి. ఎందరు తింటారో, ఎంత అన్నం దిగాలో ముందు తేల్చుకొని, అక్కడి నుంచి వెనక్కి నడిచి బియ్యం, నీళ్లు, ఉప్పు, గిన్నె, మంట నిర్ణయించుకోవడం రెండోది. కరెంటు కుక్కర్లు, గ్రైండర్లు, ప్రెషర్ కుక్కర్లతో వచ్చే వంట పుస్తకాలన్నీ ఈ రెండో లెక్క మీదే నడుస్తాయి. యంత్రానికి ఒక నిండు గీత ఉంటుంది, దాన్ని దాటితే పొంగుతుంది కనుక, దిగవలసిన వంట ఎంతో ముందే తెలియాలి. అయితే ఈ లెక్క యంత్రాలతో పుట్టింది కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో దీనికి చాలా పాత చరిత్ర ఉంది. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు ఈ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి కానీ, అంతకుముందు చాలాకాలం వీటి తిండి, పంట, కరువు, వలస అన్నీ పాలమూరు అన్న ఒక్క పేరుతోనే సాగాయి.

పాత కొలతల వరుస తెలుగు నేలంతా దాదాపు ఒకటే. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక, తెలంగాణ పల్లెల్లో మానెడు. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. అంటే ఒక పుట్టిలో 320 మానికలు, 5120 గిద్దెలు. ఈ వరుసను నిదానంగా చూస్తే దాని తెలివి బయటపడుతుంది. గిద్దె నుంచి తూము దాకా ప్రతి మెట్టూ రెట్టింపో, రెట్టింపుకు రెట్టింపో. కాగితం, కలం, బడి లేని వంటింట్లో కూడా సగానికి తగ్గించడం, రెండింతలు చేయడం నోటిలెక్కతో అయిపోతుంది. ఇంటిల్లిపాదికీ రెండు సోలల బియ్యం పోసే ఇల్లాలు, చుట్టాలు దిగి మనుషులు రెట్టింపైతే మానెడు పోస్తుంది; పప్పు గిద్దె నుంచి రెండు గిద్దెలవుతుంది. వంటను పెంచడం, తగ్గించడం అనే పనికి ఇంతకంటే తేలికైన అంకగణితం ఉండదు. దీన్ని ఉజ్జాయింపు వంట అని కొట్టిపారేయడం సరికాదు.

ఈ కొలతలు తూకాలు కావు, పాత్రలు. ఇత్తడితోనో ఇనుముతోనో చేసిన మానిక, సోల ఇంట్లో ఉండేవి. వాటిని తలకొట్టి సమంగా కొలవడం ఒక పద్ధతి, పైన కుప్ప నిలిచేలా పోయడం మరో పద్ధతి. కళ్లంలో గింజలు కొలిచేవారు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, ‘రెండు’, ‘మూడు’ అని సాగించేవారు. వంటింట్లో చాలామంది ఆడవాళ్లు ఆ అలవాటును ఇప్పటికీ విడవలేదు.

ఈ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది. ఒక ఊరి మానెడు పక్క ఊరి మానెడుతో కలవదు. గింజలు అప్పుగా తీసుకొని పంట మీద ఎక్కువ గింజలు తిరిగి కొలిచే ‘నాగు’ పద్ధతి తెలంగాణ పల్లెల్లో ఉండేది. జీతగాళ్లకు, కూలీలకు కూడా కూలి గింజల్లోనే దక్కేది. ఇచ్చేటప్పుడు చిన్న పాత్ర, తీసుకునేటప్పుడు పెద్ద పాత్ర వాడేవారన్న ఫిర్యాదు చాలా పాతది. కొలపాత్ర ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి పేదింటి పొయ్యి మీద ఎసరు నిర్ణయమయ్యేది.

పాలమూరు వంటకు మూలం వరి కాదు, జొన్న. చెరువుల కింద, కృష్ణ, తుంగభద్రల ఒడ్డున కొద్దిగా వరి పండినా, మెట్ట నేలల్లో జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం, కంది పంటలే ఎక్కువ. అందుకని దిగుబడి లెక్క కూడా మొదట జొన్నకే అలవాటైంది. జొన్నలో గోధుమలోలాంటి జిగురు ఉండదు. ఒకేసారి ఎక్కువ పిండి కలిపితే ఆరిపోయి, తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. అందువల్ల జొన్నరొట్టె చేసే ఇంట్లో మొత్తం పిండిని ఒక్కసారి కలపరు. వేడినీళ్లు పోసి రెండు మూడు రొట్టెలకు సరిపడా కలుపుతూ, తడుతూ, కాలుస్తూ పోతారు. ఇక్కడ మొత్తం ఎన్ని రొట్టెలు కావాలన్నది ముందే లెక్క, కానీ పని మాత్రం విడతలుగా నడుస్తుంది. పెద్ద లెక్కను చిన్న వాయిలుగా విడగొట్టడం అన్నమాట. తర్వాత రోజుల్లో గ్రైండర్ డ్రమ్ము, ఇడ్లీ పాత్ర నేర్పిన పాఠం కూడా ఇదే. జొన్న తినే ఇళ్లకు అది కొత్తది కాదు.

సంకటి, గటక లెక్క వేరు. నీళ్లు మరిగాక నూక పోసి, ఉడికించి, పిండి కలిపి గెలకాలి. గట్టిగా రావాలా జారుగా రావాలా అన్నది నీళ్ల మీద ఆధారపడుతుంది. పనికి పోయేవారికి గట్టి ముద్ద, ముసలివారికి, పిల్లలకు జావ. గింజలు తక్కువైన నెలల్లో అదే సోలెడు పిండి ఎక్కువ నీళ్లతో అంబలి అయి ఎక్కువమందికి చేరేది. దిగుబడి పెంచడమంటే ఆ నెలల్లో ఆకలిని పంచుకోవడమే.

వరి అన్నం పాత పద్ధతిలో గంజి వార్చి వండేవారు. ఎసరు ధారాళంగా పెట్టి, మెతుకు ఉడికాక శిబ్బి మూసి గంజి వంచేవారు. దీనిలో నీటికి ఖచ్చితమైన కొలత అక్కర్లేదు; మిగిలిన నీరు గంజిగా బయటికి పోతుంది, పశువులకో మనుషులకో పనికొస్తుంది. పదిమందికి వండినా రెండు వందలమందికి వండినా ఈ పద్ధతి పెద్దగా తప్పదు. పెండ్లిళ్లకు, జాతరలకు, సత్రాలకు ఇదే అనువైంది. నీరంతా మెతుకులోనే ఇంకేలా కొలిచి పోసే అత్తెసరు పద్ధతి ఇంటి వంటకు, తక్కువ బియ్యానికి పరిమితమై ఉండేది. అందులో ఒకటికి రెండు అన్న నియమం ఉన్నా, కొత్త బియ్యానికి తగ్గించి పాత బియ్యానికి పెంచాలన్న తెలివిడి వండే మనిషి చేతిలోనే ఉండేది. ఈ రెండు పద్ధతుల తేడా గుర్తుంచుకుంటే, కరెంటు కుక్కర్ వచ్చాక ఏం మారిందో అర్థమవుతుంది.

పెద్ద వంటలకు రాతలో కనిపించే తొలి లెక్కలు గుళ్లలో ఉన్నాయి. తెలుగు దేవాలయ శాసనాల్లో దేవుడి నైవేద్యానికి రోజూ ఇన్ని మానికల బియ్యం, ఇంత నెయ్యి అని నిర్ణయించి, దానికి సరిపడే భూమి రాసివ్వడం తరచూ కనిపిస్తుంది. ఆ భూమిని కూడా విత్తనం లెక్కన తూమెడు, పుట్టెడు అని చెప్పడం ఆనవాయితీ. రోజూ పళ్లెంలో ఉండవలసిన ప్రసాదం నుంచి మొదలై, ఏడాదికి కావలసిన ధాన్యం దాకా, అక్కడి నుంచి దాన్ని పండించే చేను దాకా వెనక్కి వెళ్లిన లెక్క అది.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాం రాజ్యానికి లోబడి ఉంటూనే తమ సభలు, సత్రాలు నడిపాయి. 18వ శతాబ్ది తొలినాళ్లలో సోమనాద్రి కట్టించిన కోట చుట్టూ పెరిగిన గద్వాలకు పండిత సభల వల్ల ‘విద్వద్గద్వాల’ అని పేరొచ్చింది. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. ఏటా వచ్చే పండితులకు సంభావనతో పాటు భోజనం కూడా ఏర్పాటు చేయాలి. ఎందరు వస్తారో ముందుగా తెలియని సభకు వండడం, లెక్క తెలిసిన నైవేద్యం కంటే కష్టమైన పని. సభల్లో చదివిన పద్యాలు మిగిలాయి, దివాణం వంటవాళ్ల లెక్కలు మిగలలేదు. ఇది మన చరిత్ర రచనలో ఉన్న నిజమైన లోటు.

ఆ లోటును గుర్తించిన మనిషి ఈ నేలలోనే పుట్టాడు. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం. ఆలంపురం దగ్గర, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉన్న ఈ ఊరు ఇవాళ జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన ఆయన, 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. రాజుల యుద్ధాల కంటే జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే చరిత్ర అని నమ్మి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. కావ్యాల్లో చెదిరి ఉన్న వంటకాల పేర్లు, పూటకూళ్ల ఇళ్లు, పండుగ పిండివంటలు ఏరి కాలాల వారీగా పేర్చారు. ఆయన చనిపోయిన రెండేళ్లకు, 1955లో, తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. వంట కొలతల గురించి మాట్లాడే ఎవరైనా ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నట్టు లెక్క.

తలసరి తిండిని అంకెల్లో పెట్టే పని మరో దారిలో, మరింత కఠినంగా వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్కనును, మద్రాసు రాష్ట్రాన్ని పీడించిన ధాత కరువులో తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు అతిగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కరువు పనులకు వచ్చే మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, దానితో కొంత చిల్లర చాలని 1877లో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. రాళ్లు మోసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం, పప్పు, కూరగాయలు కావాలని వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచక తప్పలేదు. ఒక మనిషికి ఎంత గింజ అన్న ప్రశ్నకు ప్రభుత్వం తూకం కట్టి జవాబు చెప్పడం ఈ ప్రాంతం దాపుల్లో అప్పుడు మొదలైంది. జవాబు తప్పినందుకు ప్రాణాలు పోయాయి. తలసరి కొలత అన్నది వంటింటి సౌకర్యం మాత్రమే కాదని, అది బతుకు లెక్క అని ఆ కరువు చూపింది.

నిజాం రాజ్యంలో బజారు తూకాలు శేర్లు, మణుగుల్లో నడిచేవి. 80 తులాల శేరు 933 గ్రాములు. దానిలో పదహారో వంతు ఛటాకు, దాదాపు 58 గ్రాములు. 40 శేర్లు మణుగు, మూడు మణుగులు పల్లా. నదికి అవతల మద్రాసు రాష్ట్రంలో వీశె వాడుక. 120 తులాల వీశె 1,400 గ్రాములు, ఎనిమిది వీశెలు మణుగు. అందువల్ల నది దాటితే మణుగు మారిపోయేది. నిజాం మణుగు 37 కిలోలకు పైబడి ఉంటే, మద్రాసు మణుగు 11 కిలోల చిల్లర. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ వాళ్లకు రెండు లెక్కలూ తెలిసుండాల్సి వచ్చేది. 1956 దాకా గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండటంతో కన్నడ సీమ వ్యవహారం కూడా తోడయ్యేది. పెండ్లి సరుకుల చిట్టీ కర్నూలు అంగడికి పోతుందా, రాయచూరుకు పోతుందా అన్నదాన్ని బట్టి అంకెలు మారేవి.

1956లో కేంద్రం తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా కిలోలు వచ్చి, 1962 నాటికి శేరు, వీశెలకు అంగట్లో చట్టపరంగా చోటు లేకుండా పోయింది. ఊరికో మానెడు ఉన్న కాలంతో పోలిస్తే ఇది పేదవారికి జరిగిన పెద్ద మేలు. అయితే అంగట్లో తూకం మారినంత త్వరగా వంటింట్లో కొలత మారలేదు. అంగడి నుంచి బియ్యం కిలోల్లో వచ్చేది, పొయ్యి దగ్గర మాత్రం సోలతోనో, గ్లాసుతోనో, పాలపొడి డబ్బాతోనో కొలిచేవారు. తూకం వేరు, కొలత వేరు. ఒకే గ్లాసెడు బియ్యం, గ్లాసెడు కందిపప్పు, గ్లాసెడు జొన్నపిండి బరువులో సమానం కావు. వంటింట్లో నిష్పత్తి ఒకే పాత్రతో కొలిచినంతకాలం ఈ తేడా వల్ల నష్టం లేదు. మామిడి తొక్కు పెట్టేటప్పుడు ముక్కలు కొలిచిన గిన్నెతోనే కారం, ఉప్పు, ఆవపిండి కొలిస్తే గిన్నె పెద్దదైనా చిన్నదైనా తొక్కు నిలుస్తుంది. కొల్లాపూర్ తోటల మామిడి వచ్చే వేసవిలో ఇళ్లల్లో నడిచే లెక్క ఇదే. పుస్తకంలో కొన్ని సరుకులు గ్రాముల్లో, కొన్ని కప్పుల్లో చెప్పినప్పుడే తప్పులు దొర్లుతాయి.

తిండి గింజ మారడం మరింత పెద్ద మార్పు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. మనిషికి ఐదు కిలోలు, కుటుంబానికి 25 కిలోల హద్దు. జొన్న తినే ఊళ్లకు వరి బియ్యం నెలనెలా రేషన్ దుకాణం ద్వారా చేరింది. 1990ల మధ్యలో జూరాల నీళ్లు పారడం, తర్వాతి రెండు దశాబ్దాల్లో నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు రావడంతో వరి మళ్లు పెరిగాయి. రొట్టె తిన్న ఇళ్లలో మూడు పూటలా అన్నం వండే రోజులొచ్చాయి. రోజువారీ అన్నం స్థిరపడిన తర్వాతే అన్నం వండే యంత్రానికి ఇక్కడ గిరాకీ వచ్చింది.

యంత్రాల్లో ముందు వచ్చింది ప్రెషర్ కుక్కర్. 1959లో దేశంలో హాకిన్స్, ప్రెస్టీజ్ పేర్లతో తయారీ మొదలైంది. పట్టణాల్లో ఉద్యోగుల ఇళ్లకు మొదట చేరి, గ్యాస్ పొయ్యితో కలిసి పల్లెలకు పాకింది. 1999లో మొదలైన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడంతో కట్టెల పొయ్యి పక్కన సిలిండర్ చేరింది. ప్రెషర్ కుక్కర్ మీద అంకె లీటర్లలో ఉంటుంది, అయితే ఆ లీటర్లన్నీ వంటకు కావు. మామూలు వంటకు మూడింట రెండు వంతులు, పప్పు, బియ్యంలా పొంగేవాటికి సగం దాటకూడదు. ఐదు లీటర్ల కుక్కర్‌లో పప్పు వండాలంటే పప్పు, నీళ్లు కలిసి రెండున్నర లీటర్లలోపే ఉండాలి. ఇక్కడ గిన్నె స్వయంగా ఒక పై హద్దు గీస్తుంది. సోల, మానికల లెక్కలో అలాంటి హద్దు లేదు. మనుషులు పెరిగితే పెద్ద గంజు దింపేవారు.

కరెంటు కుక్కర్ కథ జపాన్‌లో మొదలవుతుంది. 1955 డిసెంబర్‌లో తోషిబా కంపెనీ తొలి ఆటోమేటిక్ రైస్ కుక్కర్‌ను అమ్మకానికి పెట్టింది. దాన్ని రూపొందించిన మినామి యోషితాదా చిన్న కార్ఖానా యజమాని. ఆయన భార్య ఫుమికో ఎండలో, చలిలో, రకరకాల బియ్యంతో వండి చూసి కొలతలు రాసుకుంది. ఆ యంత్రంలో రెండు గిన్నెలు. బయటి గిన్నెలో కొలిచిపోసిన నీరు ఆవిరైపోగానే వేడి పెరిగి స్విచ్ ఆగిపోయేది. తర్వాతి కుక్కర్లలో ఒకే గిన్నె, అడుగున అయస్కాంతపు స్విచ్. గిన్నెలో నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. నీరంతా మెతుకులోకి ఇంకగానే అడుగు వేడి పైకి పోతుంది, ఆ స్థాయిలో అయస్కాంతం పట్టు వదిలి స్విచ్ పడిపోతుంది. అంటే ఈ యంత్రం గడియారం చూసి ఆగదు, నీళ్లు అయిపోవడం చూసి ఆగుతుంది. పోసిన నీళ్లే ఉడికే సమయాన్ని నిర్ణయిస్తాయి. నీళ్ల కొలత తప్పితే యంత్రానికి మరో దారి లేదు.

దీని ఫలితంగా గంజి వార్చే ఇళ్లన్నీ అత్తెసరు ఇళ్లయ్యాయి. పాలమూరు వంటింటి చరిత్రలో ఈ మలుపుకు రావలసినంత గుర్తింపు రాలేదు. ఎసరు ధారాళంగా పోసి మిగిలింది వంచే చేతికి, చెంబుతో నీళ్లు కొలవాల్సిన అవసరం పడింది. గంజి పోయింది, గంజితో పాటు దాన్ని నమ్ముకున్న దూడ కుడితి, బట్టల గంజి కూడా తగ్గాయి. కుక్కర్ గిన్నె లోపల గీసిన గీతలు, దానితో ఇచ్చే చిన్న కప్పు కొత్త కొలపాత్రలయ్యాయి.

ఆ కప్పుకు తనదైన చరిత్ర ఉంది. అది 180 మిల్లీలీటర్లు పడుతుంది, దాదాపు 150 గ్రాముల బియ్యం. పాశ్చాత్య వంట పుస్తకాల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. దానితో దీనికి సంబంధం లేదు. ఇది జపాన్ వాళ్ల పాత ధాన్యపు కొలత ‘గో’. పది గోలు ఒక ‘షో’, 1.8 లీటర్లు. మన అంగళ్లలో కరెంటు కుక్కర్ మీద తరచూ కనిపించే 1.8 లీటర్ల అంకె అక్కడి నుంచి వచ్చిందే. జపాన్ కూడా 1959 నుంచి వ్యాపారంలో పాత కొలతలు మాని మెట్రిక్‌కు మారింది. అయినా అన్నం గిన్నెలో మాత్రం గోను నిలుపుకుంది. మన సోల, మానిక అటకెక్కిన ఇళ్లలోకి మరో దేశపు సోల వచ్చి కూర్చుంది. మానికకు అనుగుణంగా గీతలు గీసిన కుక్కర్ ఎవరూ చేయలేదు. చేసి ఉంటే ఒక తరం వంట తెలివి అంత తేలిగ్గా చెదిరిపోయేది కాదు.

కప్పుతో లెక్క నేర్చుకుంటే వంట సులువే. వంద గ్రాముల బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు వందల గ్రాముల అన్నం అవుతుంది. ఆరుగురికి తలా మూడు వందల గ్రాముల అన్నం దిగాలంటే 1,800 గ్రాములు కావాలి. దానికి బియ్యం 600 నుంచి 720 గ్రాములు, అంటే నాలుగు నుంచి దాదాపు ఐదు కప్పులు. నీళ్లు బియ్యం రకాన్ని బట్టి పోయాలి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, ఆ తర్వాత తెలంగాణ సోనా లాంటి సన్న రకాలు, రేషన్ దొడ్డు బియ్యం ఒకే నీటితో ఒకేలా ఉడకవు. కొత్త పంట బియ్యానికి నీళ్లు తగ్గాలి. గీత చెప్పేది సగటు మాత్రమే.

గ్రైండర్, మిక్సీల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 1950ల్లో కోయంబత్తూరులో పుట్టిన వెట్ గ్రైండర్, 1960ల్లో వచ్చిన మిక్సీ రోలును, విసుర్రాయిని పక్కకు నెట్టాయి. గిర్ని వచ్చినప్పుడే పిండి పని సగం ఇంటి బయటికి పోయింది. రెండు లీటర్ల డ్రమ్ములో రెండు లీటర్ల నానిన పప్పు పోస్తే రాయి తిరగదు, రుబ్బు పొంగి పైకి వస్తుంది. నానితే బియ్యం, మినుములు ఉబ్బుతాయని, రుబ్బితే గాలి చేరి ఇంకా పెరుగుతుందని లెక్కగట్టి ఎండు సరుకు పోయాలి.

అసలైన కష్టం వంటను బాగా పెంచినప్పుడు బయటపడుతుంది. నలుగురి వంటను వందతో హెచ్చవేస్తే నాలుగు వందలమంది వంట కాదు. నీళ్లు ఆవిరయ్యేది పాత్ర మూతి వెడల్పును, ఉడికే సమయాన్ని బట్టి. బియ్యం వంద రెట్లయినంత మాత్రాన ఆవిరి వంద రెట్లు కాదు. అందుకే పెద్ద డేక్షాలో బియ్యానికి నీటి నిష్పత్తి తగ్గుతుంది. పెద్ద పాత్రలో వేడి లోపలిదాకా చేరడానికి సమయం పడుతుంది, దించాక కూడా లోపల చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది. అందువల్ల ముందుగానే దించాలి. పోపు దినుసులు, లవంగం, చెక్క నేరుగా హెచ్చవేస్తే ఘాటు మించిపోతుంది. ఉప్పు మాత్రం దాదాపు లెక్క ప్రకారమే పెరుగుతుంది, అయినా అనుభవజ్ఞులు సగం పైచిలుకు వేసి రుచి చూసి మిగతాది వేస్తారు.

పెండ్లి వంటవాళ్లకు ఇదంతా చేతిలో ఉన్న విద్య. బగారా అన్నం, మటన్, పప్పు, పచ్చిపులుసు, బచ్చాలు వండే వంటమేస్త్రీ మొదట అడిగే మాట ఎంతమంది అని. ఆ అంకె విన్న వెంటనే సామాను చిట్టీ రాయిస్తాడు: బియ్యం, నూనె, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, కట్టెలు. టెంట్ హౌస్‌లో డేక్షాలకు పేర్లు కూడా అవి ఉడికించే బియ్యాన్ని బట్టే: పది కిలోలది, ఇరవై కిలోలది. లీటర్లు ఎవరూ అడగరు. యంత్రాల కంపెనీలు గిన్నె మీద లీటర్లు రాసి, లోపల ఎంత వండొచ్చో కొనేవారే తెలుసుకోవాలని వదిలేస్తుంటే, ఈ ఊళ్ల టెంట్ హౌస్‌లు దిగుబడినే పేరుగా పెట్టాయి. ఇది మెరుగైన పద్ధతి.

మళ్లీ ప్రభుత్వం తలసరి లెక్క పట్టింది బడుల్లో. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె; ఆ పై తరగతులకు 150, 30, 75, 7.5 గ్రాములు అన్నది ఇప్పటి నియమం. శక్తి లెక్కన 450, 700 కేలరీలు. ఉదయం హాజరు పట్టీలో 120 మంది చిన్న పిల్లలుంటే 12 కిలోల బియ్యం, 2 కిలోల 400 గ్రాముల పప్పు తూచి వంటకు ఇవ్వాలి. పొదుపు సంఘాల మహిళలు ఎక్కువగా చేసే ఈ వంటలో తూకం రిజిస్టర్‌లో ఉంటుంది, నీళ్లు, మంట, ఉప్పు మాత్రం వారి చేతి అంచనాలోనే ఉంటాయి. ధాత కరువు నాటి పౌను ధాన్యం కూలి కోసం రాళ్లు మోసినవారికి దక్కితే, ఈ 100 గ్రాములు చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు హక్కుగా దక్కుతున్నాయి. రెండు లెక్కలకూ మధ్య ఉన్న దూరం అంత.

తెలంగాణ వచ్చాక 2015 జనవరి 1 నుంచి రేషన్ మనిషికి ఆరు కిలోలైంది, కుటుంబానికి హద్దు తీసేశారు. బడులకు, హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం కూడా అప్పుడే మొదలైంది. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డులకు కూడా సన్నబియ్యమే ఇస్తున్నారు. దొడ్డు బియ్యానికి అలవాటైన నీటి కొలత దీనికి పనికిరాదు. కుక్కర్ ఉన్న ఇంట్లో నీళ్లు తగ్గించి చూసుకోవాలి. గంజి వార్చే పెద్ద వంటల్లో మెతుకును ముందుగానే దించాలి.

ఈ మూడు జిల్లాల్లో సోలతో కొలిచి వండిన చివరి తరం ఆడవాళ్లు, కళాయి పూసిన డేక్షాల్లో వండిన వంటమేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఏ ఊరి మానెడు ఎన్ని గ్రాములు పడుతుందో, వందమంది బగారాకు ఏ మేస్త్రీ ఏ లెక్క రాయిస్తాడో, శేరు పిండికి ఎన్ని రొట్టెలు వస్తాయో పుస్తకాలకు ఎక్కలేదు. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు, ఊరి బడుల ఉపాధ్యాయులు ఒక తరాజు, ఒక నోటు పుస్తకం పట్టుకొని వీళ్ల ఇళ్లకు వెళ్లాలి. అటక మీది మానికలు దించి, బియ్యం పోసి తూచి, ఊరి పేరుతో సహా రాసిపెట్టాలి.